అక్క తొట్టియు, తమ్ముని స్ఫటికమును



పెండ్లికూతురు పాదములకు పారాణి దిద్దుట మనమందఱము ఎఱిగినదే. పసుపుముద్దలో రవంత సున్నము కలిపి మెదుపగానే పచ్చనిది కాస్తయు ఎఱ్ఱనిదగును. పసుపునందు ఎఱుపు లేదు, సున్నమునందును లేదు. మఱి ఆ ఎఱుపు ఎచ్చటినుండి వచ్చినది? చిన్ననాట నేనీ ప్రశ్న మా నాయనమ్మగారిని అడిగితిని. "శుభకార్యమునకు పసుపు ఎఱ్ఱబాఱకేమి చేయునే తల్లీ!" అని ఆమె నవ్వి, నా చేతికి గిన్నె యిచ్చి పంపివేసెను. ఆ సమాధానముతో నేను చాలకాలము తృప్తిపడియుంటిని. ఇటీవల కాంతిశాస్త్రమునకు సంబంధించిన కొన్ని సంగతులు చదువుచుండగా, ఆ పాతప్రశ్నకు అసలు సమాధానము దొరకుటయేగాక, అది సముద్రముల క్రిందుగా పోవు వార్తలతోను, ఇల్లు చూచుకొనుచుండిన యొక జర్మను కన్య చేసికొన్న రేకుతొట్టితోను ముడిపడియున్నదని తెలిసి మిక్కిలి ఆశ్చర్యపడితిని. ఆ కథయే యీ వ్యాసమున చెప్పబూనితిని.

దూరదేశమందున్న కొడుకుతోనో కూతురితోనో మాటలాడునపుడు మన మాట గాలిలో ఎగిరిపోవుచున్నదని తలంతుము. చేతిలోని ఫోనునుండి సమీపమందలి స్తంభమువఱకు అది గాలిలో పోవుట నిజమే. అటుపైని ప్రయాణము చాలవఱకు తలవెండ్రుకవంటి సన్నని గాజుపోగులలో, కాంతిరూపమున జరుగును. కాంతి త్రోవలో నీరసింపక దూరము పోగల గాజుపోగును 1970లో అమెరికాయందలి కార్నింగు సంస్థవారు తీసిరి. 1988లో అట్లాంటికు సముద్రగర్భమున మొదటి గాజుపోగుల తంత్రి పనికి వచ్చినది. నేడు ఖండములనడుమ వార్తలలో అత్యధికభాగము ఇట్టి పోగులలోననే పోవుచున్నది.

కాని కాంతి తనంతట తాను మాట పలుకదు. ఎడతెగక వెలుగు దీపము చూచువానికి ఏమియు చెప్పదు. గోపురముమీది దీపమునకు చేట అడ్డముపెట్టి తీయుచు, ఒకసారి వెలుగు, ఒకసారి చీకటి అని సంకేతము చేసినయెడల అది వార్త యగును. దీపమునే మాటిమాటికి ఆర్పి వెలిగింపరాదా యని మీరడుగవచ్చును. కొంతవఱకు చేయవచ్చును, దగ్గఱిదూరములకు నేటికిని చేయుచున్నారు. కాని మిక్కిలి వేగముగ ఆర్పి వెలిగించిన దీపము రంగు చెదరును. రంగు చెదరిన కాంతి గాజుపోగులో దూరము పోవునప్పటికి అలుకుకొనిపోవును. అందుచేత దీపమును నిలుకడగా వెలుగనిచ్చి, దాని యెదుట ఒక తలుపును పెట్టి, ఆ తలుపును తెఱచుచు మూయుచుందురు. ఆ తలుపునకు మాడ్యులేటరని పేరు. నేటి మంచి తలుపు సెకనునకు పదివేలకోట్ల సంకేతములను కాంతిమీద వ్రాయగలదు. అంతవేగముగ ఏ చేటయు, ఏ రెక్కయు కదలజాలదు. కావున ఈ తలుపులో కదలు రెక్క యేదియు లేదు.

మఱి కాంతిని ఆపునదేమి? ఇది కొంచెము నిదానించి చదువవలసిన భాగము. కాంతి అలలుగా పోవును. గాజుపోగులలో వాడు కాంతియొక్క ఒక అల పొడవు మిల్లీమీటరులో సుమారు ఆఱువందలయేబదవ వంతు. ఒక కాలువను రెండు పాయలుగా చీల్చి మరల కలిపినట్లు, ఈ కాంతిని రెండు త్రోవలుగా చీల్చి మరల కలుపుదురు. రెండు పాయలును సమముగ వచ్చి కలిసినయెడల ఎత్తుపై ఎత్తుపడి వెలుగు నిండుగా వచ్చును. ఒక పాయ సరిగా అర అలమాత్రము వెనుకబడినదా, ఒకదాని ఎత్తు వేఱొకదాని పల్లమున పడి రెండును అణగిపోవును. అప్పుడు చీకటి. ఒక పాయను అర అల ఆలస్యపఱచుట, మానుట, ఇదియే తలుపు మూయుటయు తెఱచుటయు. ఆ ఆలస్యమును కలిగించుటకు, విద్యుత్తు తగులగానే తనలోపోవు కాంతివేగమును రవంత మార్చుకొను పదార్థ మొకటి కావలెను.

అట్టి గుణము కొన్ని స్ఫటికములయందు కలదని 1893లో నిర్ధారణచేసినవాడు ఫ్రీడ్రిహ్ పోకెల్సు అను జర్మను శాస్త్రజ్ఞుడు. గెట్టింగెను విశ్వవిద్యాలయమున చదివి, స్ఫటికములలో కాంతి నడకలనుగూర్చి జీవితమంతయు శ్రమించి, 1900 మొదలు హైడెల్బెర్గులో ఆచార్యుడుగా నుండి, 1913లో కాలధర్మము నొందెను. విద్యుత్తు ఎంత హెచ్చిన కాంతివేగము అంత మాఱు నా గుణమునకు నేటికిని పోకెల్సు ఫలితమని వ్యవహారము. ఆయన కాలమున దానితో ప్రయోజనమేమియు కనబడలేదు. లేసరు దీపము పుట్టిన 1960 తరువాతగాని దానికి పని దొరకలేదు.

ఆ పనికి మొదట కుదిరినది లిథియం నియోబేటు అను స్ఫటికము. కలకండ కట్టుట మీరెఱుగుదురు గదా. చిక్కని పాకములో దారము వ్రేలాడవేసి, కదపక, దినములు వేచియుండవలెను. ఈ స్ఫటికమును గూడ కొలిమివేడిలో కరగించి, చిన్న విత్తుస్ఫటికమును తాకించి, మెల్లమెల్లగా పైకి లాగుచు పెంచుదురు. అది మంచి పదార్థము, ఏండ్లతరబడి చెడదు. నమ్మకమునకు దానినే పెట్టవలెను. కాని దానిపై విద్యుత్తు ప్రభావము స్వల్పము. అర అల ఆలస్యము రావలెనన్న కాంతిని కొన్ని సెంటీమీటర్ల పొడవున దానిలో నడిపింపవలెను; పలువోల్టుల ఒత్తిడియు పెట్టవలెను. సముద్రముక్రింది తంత్రికి రెండుకొనలయందు రెండు పెట్టెలైన ఇబ్బంది లేదు. కాని నేడు ఒక్కొక్క డేటా కేంద్రమున వేలకొలది యంత్రములు ఒకదానితో నొకటి కాంతిలో మాటలాడవలసియున్నది. 2024లో ఇట్టి కేంద్రములు ప్రపంచమునందలి విద్యుత్తులో సుమారు 1.5 శాతమును వాడెనని అంతర్జాతీయ ఇంధనసంస్థ లెక్కకట్టినది. అందు గణనయంత్రములవే పెద్దపాలు. అయినను వార్తల రాకపోకలకగు ఖర్చును తక్కువది కాదు. తలుపు చిన్నది కావలెను, తక్కువ వోల్టులతో తెఱచుకొనవలెను, వేడి పుట్టరాదు. ఈ మూడును ఒక్కచోట దొరకుటకే రంగుల వెదకులాట బయలుదేఱినది.

ఇక పారాణికి వత్తము. పసుపులోని రంగునకు కర్కుమిను అని పేరు. ఆ అణువు పొడవైన గొలుసువంటిది. అందలి కర్బనపరమాణువులనడుమ ఒక ఒంటిముడి, ఒక జంటముడి, మరల ఒంటిముడి, ఈ విధముగ కట్టు సాగును. అట్టి గొలుసుమీద కొన్ని ఎలక్ట్రానులు ఒక్క పరమాణువును అంటిపెట్టుకొనియుండక, పలుచని మేఘమువలె గొలుసు పొడవున పఱచుకొనియుండును. ఆ మేఘము నీలికాంతిని మ్రింగును. మిగిలినది మన కంటికి పసుపుపచ్చ. సున్నము తగులగానే ఆ అణువు అంచునుండి హైడ్రోజనులోని ధనభాగము ఊడిపోవును. అచట ఎలక్ట్రానులు మిగిలిపడి, మేఘము మునుపటికంటె సులభముగ కదలనేర్చును. సులభముగ కదలు మేఘము తక్కువశక్తిగల ఆకుపచ్చకాంతిని గూడ మ్రింగును. అప్పుడు మిగిలినది ఎఱుపు. మా నాయనమ్మగారి గిన్నెలో జరిగినదిదియే.

శాస్త్రజ్ఞులు కోరినదియు ఇట్టి సులభముగ కదలు మేఘమునే. వారు అణువును తమకు కావలసినట్లు కుట్టిరి. గొలుసునకు ఒకకొన ఎలక్ట్రానులను ఇచ్చుగుణముగల గుంపు, రెండవకొన వానిని పుచ్చుకొను గుణముగల గుంపు, నడుమ ఒంటి-జంట ముడుల వంతెన. ఒకకొన దాతయు ఒకకొన గ్రహీతయునైన ఆ అణువున మేఘము ఎల్లప్పుడును ఒకవైపునకు ఒరిగియుండును. కొంచెము విద్యుత్తు తగిలినచో అది ఇంకను ఒరుగును, లేదా వెనుకకు మరలును. దానితోపాటు ఆ అణువుమీదుగా పోవు కాంతివేగమును మాఱును. ఇచట కదలునది ఎలక్ట్రానులమేఘము మాత్రమే. బరువైన పరమాణువులు కదలనక్కఱలేదు. అందుచేత ఎంత వేగముగ విద్యుత్తు మాఱినను ఈ అణువులు వెనుకబడవు. లిథియం నియోబేటునందు పరమాణువులును కొంత కదలవలసియున్నది.

ఇట్టి అణువులు మన చీరలరంగులలోననే కలవు. డిస్పర్సు రెడ్ 1 అను ఎఱ్ఱరంగు నైలాను, పాలియెస్టరువంటి కృత్రిమపు పోగులకు వేయు అద్దకపురంగు. దానికొకకొన దాత, ఒకకొన గ్రహీత. 1986లో అమెరికాయందు కె. డి. సింగరు, ఆయన సహచరులును ఈ రంగును పెర్‌స్పెక్సు అను అద్దమువంటి ప్లాస్టిక్కులో కలిపి, పలుచని పొర తీసి, దానియందు తమకు కావలసిన కాంతిగుణమును రప్పించి చూపిరి. కలకండకు దినములు వేచియున్నట్లు స్ఫటికమునకై వేచియుండక, పాకముపోసి పళ్లెములో పఱచినట్లు ఈ పదార్థమును పఱవవచ్చును. అద్దకపురంగు, ప్లాస్టిక్కు, ఈ రెండును సులభముగ దొరకునవి. ఇంక కొదవయేమి యని తోచును గదా.

కొదవ ఇచటనే యున్నది. ప్లాస్టిక్కులో కలిపిన రంగు అణువులు సంతలో జనమువలె తలకొకదిక్కున తిరిగియుండును. విద్యుత్తు తగిలినపుడు కుడికి తిరిగినది కాంతిని తొందరపెట్టిన, ఎడమకు తిరిగినది అంతకంత ఆలస్యపెట్టును. మొత్తమునకు ఫలము సున్న. అణువులన్నియు ఒక్కదిక్కునకు తిరిగియుండవలెను. తమలపాకులకట్టలో తొడిమలన్నియు ఒకవైపున నుండునట్లు పేర్తుమే, అట్లు పేర్పవలెను. కాని తమలపాకులు పేర్చినచోట నుండును. ఈ అణువులు ఉండవు. ఒకకొన ధనము, ఒకకొన ఋణమునైన వస్తువులు రెండు ప్రక్కప్రక్కన నుంచినయెడల, అయస్కాంతపు కడ్డీలవలె, ఒకటి పైకి ఒకటి క్రిందికి తిరిగి జతపడును. అణువు ఎంత బలమైనదైన అంత గట్టిగా ఎదురుజత కట్టును. మంచి అణువును కనుగొన్నకొలది పేర్పు చెడుచుండెను. కొన్ని సంవత్సరములు ఈ చిక్కులోననే గడచినవి.

పేర్పునకు వారవలంబించిన ఉపాయము మనము ఇస్త్రీచేయు తీరే. తడి, వేడి తగిలినపుడు బట్టపోగులు మెత్తబడును. మడతను ఒత్తి పట్టుకొని చల్లారనిచ్చినచో మడత నిలుచును. అట్లే రంగుకలిపిన ప్లాస్టిక్కుపొరను మెత్తబడువఱకు వేడిచేసి, మిక్కిలి బలమైన విద్యుత్తు ఒత్తిడిని దానిపై పెట్టుదురు. మీటరులో పదిలక్షవ వంతు మందమునకు నూఱువోల్టుల లెక్క. అణువులు ఆ ఒత్తిడికి లోబడి ఒకవైపునకు మొగ్గును. ఒత్తిడిని విడువక, అట్లే పట్టియుంచి, చల్లార్తురు. చల్లారినపిదప ప్లాస్టిక్కు బిగిసికొని అణువులు తిరిగినవి తిరిగినట్లు చిక్కుపడును. అన్నియు నిలువున సైనికులవలె నిలుచునని తలంపరాదు. మొత్తముమీద రవంత మొగ్గుమాత్రమే వచ్చును. ఆ రవంతయే పనిచేయును.

ఎదురుజతల చిక్కును విప్పినవారిలో అమెరికాయందలి లారీ డాల్టను, ఆయన సహచరులును ముఖ్యులు. అణువుయొక్క బలమునుగాక ఆకారమును మార్చవలెనని వారు లెక్కలు వేసి కనుగొనిరి. సన్నని కడ్డీవలె నున్న అణువులు ప్రక్కప్రక్కకు దగ్గఱగా చేరి ఎదురుజత పడుచున్నవి. నడుమభాగమున కొన్ని అడ్డుగుంపులు తగిలించి లావుచేసినచో అంత దగ్గఱగా చేరజాలవు. వినుటకు చిన్నసంగతి. 2000లో వారు సైన్సు పత్రికలో ప్రకటించిన తలుపు 0.8 వోల్టుతో తెఱచుకొని మూసికొనినది. చేతిదీపములో వేయు ఒక్క ఘటము 1.5 వోల్టులిచ్చునని జ్ఞాపకముంచుకొనిన, అదెంత స్వల్పమో తెలియును.

ఒత్తిడిపెట్టి మొగ్గింపకయే అణువులను ఒక్కొక్క పొరగా, అన్నియు ఒకేవైపు తలలుండునట్లు, ఏల నిలుపరాదని యోచించినవారు వేఱొక గుంపు కలరు. 1980 తరువాతి దశకమున పెక్కు ప్రయోగశాలలు ఆ పనికి పూనుకొన్నవి. వారు వాడిన సాధనమేదియో చెప్పుటకు మనము మరల పోకెల్సుగారి యింటికి, ఈసారి వంటయింటివైపున, పోవలసియున్నది.

ఫ్రీడ్రిహ్ పోకెల్సునకు మూడేండ్ల పెద్దదైన అక్కగారొకరుండిరి. పేరు ఆగ్నెసు. ఆమె 1862లో వెనిసునగరమున పుట్టెను. తండ్రి ఆస్ట్రియా సైన్యమున ఉద్యోగి. మలేరియా తగిలి ఆరోగ్యము చెడి ఉద్యోగము విడిచి, 1871లో కుటుంబముతో జర్మనీయందలి బ్రౌన్‌ష్వైగు పట్టణమునకు వచ్చి స్థిరపడెను. ఆగ్నెసు ఆ యూరి బాలికాపాఠశాలలో చదివెను. ప్రకృతిశాస్త్రములన్న ఆమెకు ప్రాణము; కాని ఆ కాలమున అచటి విశ్వవిద్యాలయములలో స్త్రీలకు ప్రవేశము లేదు. తరువాత తలుపులు తెఱచినను, తల్లిదండ్రులు వలదన్నందున ఆమె పోలేదు. తల్లిదండ్రులిరువురును రోగులు. ఇల్లును, వంటయు, రోగుల సేవయు ఆమెమీద పడెను. తమ్ముడు గెట్టింగెనులో చదువుచు తన పుస్తకములను అక్కకు పంపుచుండెను. ఆ పుస్తకములే ఆమెకు కళాశాల.

పాత్రలు కడుగు తొట్టిలో నీటిమీద జిడ్డు తేలుట మనకు విసుగు పుట్టించును. ఆగ్నెసునకు అది విచారణ పుట్టించెను. జిడ్డుపఱచుకొన్న నీటి మీదితట్టు శుద్ధమైన నీటివలె బిగువుగా నుండదని ఆమె గుర్తించి, ఆ బిగువును కొలువదలచెను. ఇరువది యేండ్లైన నిండని ప్రాయమున మొదలుపెట్టి, ఆమె స్వయముగ నొక సాధనము చేసికొన్నది. డెబ్బదిసెంటీమీటర్ల పొడవు, అయిదుసెంటీమీటర్ల వెడల్పు, రెండుసెంటీమీటర్ల లోతుగల రేకుతొట్టి. దాని నిండ అంచువఱకు నీరు. నీటిని తాకుచు అడ్డముగా సెంటీమీటరున్నర వెడల్పు రేకుపట్టీ. పట్టీని ఇటునటు జరిపినచో నీటి మీదితట్టు విశాలమగును, ఇఱుకగును. మీదితట్టునకు తాకించిన చిన్న బిళ్లను త్రాసుతో పైకిలాగి, అది ఊడివచ్చుటకు ఎంత బరువు పట్టునో చూచి, బిగువును కొలిచెను. అంతియే సాధనము. దీనితో ఆమె కనుగొన్నదేమనగా: నూనెపొరను పట్టీతో ఇఱుకుచేయుచు పోగా, కొంతవఱకు నీటిబిగువు మాఱదు, ఒకానొక హద్దు దాటగానే తటాలున తగ్గును.

పది సంవత్సరములు ఆమె ఇట్లు పనిచేసినను వినినవారు లేరు. 1891 జనవరిలో, ఇంగ్లాండునందలి సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు లార్డు రేలీ అదే విషయమున పరిశోధించుచున్నాడని తెలిసి, తన ఫలితములన్నియు జర్మను భాషలో జాబుగా వ్రాసి ఆయనకు పంపెను. పలు కారణములచేత వీనిని శాస్త్రపత్రికలలో తాను ప్రకటింపజాలననియు, ఆయనకు పనికివచ్చునేమోయనియు వినయముగ వ్రాసెను. ఆ జాబును ఇంగ్లీషున పెట్టినది లేడీ రేలీ. రేలీగారు అసూయపడక, ఈమె విలువైన ఫలితములు సాధించెనని నేచరు పత్రిక సంపాదకునకు వ్రాసి, ఆ జాబును ఆ మార్చినెలలోననే అచ్చువేయించెను. తమ్ముని స్ఫటికముల పరిశోధన వెలువడుటకు ఇది రెండేండ్లు ముందు. ఈ కాలక్రమమును నేను మొదట నమ్మలేక రెండుసారులు చూచుకొంటిని.

ఆమె చూచిన ఆ హద్దునకు అర్థమేమనగా, అచటికి వచ్చునప్పటికి నూనె అణువులు ఒక్క అణువు మందమున ఒకదానిప్రక్క ఒకటి చేరి, ఇంక సందు లేకుండ నీటిమీద నిలిచియుండును. ఒక్క అణువు మందమని రేలీ 1899లో ఊహించెను. ఒకకొన నీటిలోను ఒకకొన గాలిలోను ఉండి అణువులు నిలుచునని అమెరికాలో ఇర్వింగు లాంగ్మూరు 1917లో నిరూపించెను. లాంగ్మూరు వాడినది ఆగ్నెసు తొట్టినే, మెఱుగుపఱచి. ఆయనకు 1932లో నోబెలు బహుమానము వచ్చినది. ఆ సంవత్సరమే ఆగ్నెసునకు డెబ్బది యేండ్లు నిండగా బ్రౌన్‌ష్వైగు సాంకేతిక విద్యాలయమువారు ఆమెకు గౌరవ డాక్టరు పట్టము నిచ్చిరి. 1935లో ఆమె కన్నుమూసెను. తొట్టికి లాంగ్మూరు పేరు నిలిచినది. నాకిది న్యాయముగ తోచదు; కాని పేర్లు పెట్టుట మన చేతిలో లేదు.

లాంగ్మూరుగారి ప్రయోగశాలలో కాథరిను బ్లాడ్జెట్టు అను విదుషీమణి పనిచేయుచుండెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమున డాక్టరు పట్టము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. తొట్టిలో నీటిమీద నిలిచిన అణువుల పొరగుండ గాజుపలకను ముంచి తీయుచు, ఒక్కొక్క ముంపునకు ఒక్కొక్క పొర పలకకు అంటునట్లు ఆమె చేసి చూపెను. చకినములకు పిండిచుట్టు మీద చుట్టు వేసినట్లు, పొరమీద పొర. 1938లో నలుబదినాలుగు పొరలు తీసి, వెలుగు తళుకు కొట్టని గాజును ఆమె తయారుచేసెను.

ఇప్పుడు మీకు తెలిసియుండును: కాంతితలుపునకు రంగు అణువులను ఒకేవైపు తలలుండునట్లు నిలుపవలెనని కోరినవారు ఈ తొట్టిని ఏల ఆశ్రయించిరో. నూనెకు బదులు తోకగల రంగు అణువులను నీటిమీద నిలిపి, పొరపొరగా పలకకెత్తిరి. రంగుపొర ఒకటి, ఉత్తపొర ఒకటి చొప్పున వేసినచో ఎదురుజత పడుటకు వీలులేదు. మన హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును రసాయనశాస్త్రజ్ఞులు ఈ తొట్టితో ఇట్టి పొరలుతీసి వాని కాంతిగుణములను పరీక్షించి ప్రకటించిరి. పేర్పు చక్కగా కుదిరినది. కాని కాంతి నడచుటకు చాలు మందము రావలెనన్న వందలకొలది ముంపులు కావలెను. పొరలు సుకుమారములు, గీతపడిన పోవును. అందుచేత తలుపులు చేయువారు చాలవఱకు ఇస్త్రీ ఉపాయమునకే మరలిరి. తొట్టి మాత్రము అణువులు ఎట్లు నిలుచునో చదువుకొనుటకు నేటికిని ప్రయోగశాలలలో నిలిచియున్నది. రేకు పోయి టెఫ్లాను వచ్చినది, చేతితో జరుపు పట్టీకి మోటారు వచ్చినది.

ఇటీవలి సంగతులు క్లుప్తముగ చెప్పెదను. గణనయంత్రముల గుండెకాయ సిలికాను. కాని దాని పరమాణువుల అమరిక అన్నివైపుల సమముగ నుండుటచేత దానికి పోకెల్సు గుణము లేదు. కావున సిలికానులో మీటరునందు కోటివంతు వెడల్పుగల సన్నని చీలిక చేసి, అందులో రంగుపదార్థమును పోసి, కాంతిని ఆ చీలికలో నడిపించు పద్ధతి వచ్చినది. జర్మనీయందలి కార్ల్స్‌రూహె సంస్థవారు ఈ పద్ధతిన మిక్కిలి కృషిచేసిరి. విద్యుత్తుకు లొంగు గుణమును కొలుచు లెక్కలో లిథియం నియోబేటునకు ముప్పదియొక్క పాళ్లు వచ్చిన, వారు 2018లో ప్రకటించిన తలుపులోని రంగునకు మున్నూటతొంబది వచ్చినవి. స్విట్జర్లాండునందలి జూరిచ్ సాంకేతిక విద్యాలయమువారు సిలికానుగోడలకు బదులు బంగారుగోడలనడుమ రంగును పోసి, 2015లో మిల్లీమీటరులో నూఱవవంతు పొడవుగల తలుపును చేసిరి. లిథియం నియోబేటు తలుపు సెంటీమీటర్ల పొడవుండెనని చెప్పితిని గదా, వేయిరెట్లకుమించి పొట్టిదైనది. బంగారముతో చిక్కేమనగా అది కాంతిని కొంత తానే తినివేయును. ఆభరణమునకు వలెనే ఇచటను దానితో సుఖముతోపాటు నష్టమును కలదు.

ఇంతటి గుణముగల రంగులు ఇన్ని యేండ్లైనను అంగడికి విరివిగా ఏల రాలేదని అడుగవలసినదే. ఎఱ్ఱచీరను ఎండలో ఆరవేసి మఱచినచో ఏమగునో మనకు తెలియును. వెలుతురు, గాలిలోని ప్రాణవాయువు, ఈ రెండును కలిసి రంగు అణువుల గొలుసును తెంపును. కాంతికే తలుపుగా నుండవలసిన రంగు ఆ కాంతిలోననే వెలిసిపోయిన ఎట్లు? రెండవ భయము వేడి. ఇస్త్రీమడత తడితగిలిన విడిపోయినట్లు, యంత్రములవేడికి ప్లాస్టిక్కు కొంచెము మెత్తబడినను అణువులు మరల తలకొకదిక్కు తిరుగును. మొదటి దశకములలో తీసిన పదార్థములు పెక్కు ఈ రెండింటికిని తట్టుకొనలేకపోయినవి. ఉత్సాహముతో పెట్టుబడిపెట్టినవారును వెనుకంజ వేసిరి. వారిని తప్పుపట్టను.

విరుగుడులును వంటయింటికి తెలిసినవే. ఆవకాయజాడీకి పైన నూనె తేలనిచ్చి, మూతపెట్టి, వాసెనగట్టి గాలి చొరనీయము. అట్లే రంగుపొరలపై గాలిచొరని పూతలు పూసి మూయుచున్నారు. గాలి లేనిచోట ఈ రంగులు వెలుతురునకు చాలవఱకు తట్టుకొనుచున్నవి. వేడికై, అణువులను మొగ్గించిన తరువాత వానిని ఒకదానితో నొకటి రసాయనపు ముడులతో కుట్టివేయుచున్నారు. కుట్టిన బట్ట విప్పబడనట్లు అవి తిరుగజాలవు. అయినను పోటీ చిన్నది కాదు. 2018లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు లిథియం నియోబేటునే పలుచని పొరగా చేసి, తక్కువ వోల్టులకు లొంగదీసిరి. పాతదని తలచిన స్ఫటికము మరల పడుచుదైనది. ఇరువురిలో నెవరు గెలుతురని నన్నడిగిన, దూరపు తంత్రులకు స్ఫటికమును, ఇఱుకుచోట్లకు రంగును కుదురునేమోయని నా ఊహ. ఊహమాత్రమే.

రంగుపక్షమువారికి పరీక్ష యొకటి కలదు. తలుపును ఎనుబదియైదు డిగ్రీల వేడిగల పెట్టెలో ఉంచి తాళము వేయుదురు. బియ్యము ఉడుకు వేడికి అది కొంచెమే తక్కువ. రెండువేల గంటలు, అనగా ఎనుబదిమూడు దినములు, అట్లే యుంతురు. పిమ్మట బయటికి తీసి, మొదట ఎన్ని వోల్టులకు తలుపు మూసికొన్నదో ఇప్పుడును అన్ని వోల్టులకే మూసికొనుచున్నదా యని కొలుతురు. లెక్క పెరిగినదా, లోపల అణువులు కొన్ని తల త్రిప్పినవన్నమాట.